దియోలింద జపం

అమ్మ పెదవులు కదలడం లేదని చూసిన మరుక్షణం, అమ్మ చనిపోయిందని నతాలియా నిశ్చయించుకుంది.

చేతిలోని రొట్టెల సంచి జారిపోయింది. వేడివేడి రొట్టెలు వంటగది నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి స్టవ్ కిందికి చేరాయి. కిటికీ పక్కన కుర్చీలో దియోలింద కళ్ళు మూసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నోరు నిశ్చలంగా ఉంది. ఏళ్ళ తరబడి పగలంతా ఒక్క నిమిషం కూడా ఆగని నోరు అది.

"అమ్మా!"

ఆ కేకకు మూడంతస్తుల చెక్క ఇల్లు అదిరిపోయింది. పెరట్లో ఆకుకూర మడులు తవ్వుకుంటున్న నాన్న ఎదువీనో మట్టి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఎవరు పోయారు?"

దియోలింద కళ్ళు తెరిచింది.

"మన పేట అరోరా మరిది. టాంటన్‌లో. ఇప్పుడే రేడియోలో చెప్పారు," అంది నింపాదిగా. "మంగళవారం పూడుస్తారట. అయినా ఆయన పోతే మీ ఇద్దరికీ ఎందుకంత కంగారు? ఆయన మీకెన్నడూ ఒక కాఫీ కూడా ఇప్పించలేదు."

మాట ముగిసేలోపే పెదవులు పనిలో పడ్డాయి. ముడుచుకున్నాయి, విచ్చుకున్నాయి. దవడ ఏదో నములుతున్నట్టు అటూ ఇటూ ఆడింది. నాలుక చివర ఒక పక్కనుంచి తొంగి చూసి లోపలికి వెళ్ళింది. నతాలియాకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"నిద్రపోయావా?"

"కాస్త కునుకు పట్టింది. వయసైపోయిన మనిషిని, కునుకు కూడా తీయకూడదా?"

నిద్రలో ఆ నోరు ఆగుతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎదువీనో స్టవ్ కిందినుంచి ఒక రొట్టె లాగి, చొక్కాకి తుడిచి, కొరుక్కుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు. నతాలియా మిగతావి ఏరి బల్ల మీద పెట్టి, పై అంతస్తులో తన ఇంటికి మెట్లెక్కసాగింది. సగం దూరంలో ఠక్కున ఆగిపోయింది.

నిద్రపోతున్న మనిషికి అరోరా మరిది చావు ఎలా వినబడింది?

స్కూలు బస్సుల డిపోలో ఏ బస్సు ఎక్కడుందో, ఏ డ్రైవరు ఎక్కడ కాఫీ తాగుతూ ట్రాఫిక్ అని అబద్ధమాడుతున్నాడో కనిపెట్టడమే నతాలియా ఉద్యోగం. అబద్ధం వాసన ఆమెకు దూరంనుంచే తగులుతుంది. ఇప్పుడు అది సొంత ఇంట్లోంచే వస్తోంది.

తన చిన్నప్పుడు అమ్మకి జబ్బు చేసింది. గోడల్లోంచి ఎవరో పిలుస్తున్నారనేది. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే, కనబడని వాళ్ళకి జవాబులు చెబుతూ నిలబడేది. ఒక మంచు రోజున చెప్పుల్లేకుండా కొలంబియా వీధి చివరిదాకా నడిచి వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో వాళ్ళు ఒక మాత్ర మొదలుపెట్టారు. కొన్ని నెలలకి అమ్మ తిరిగొచ్చింది. గోడలు మూగబోయాయి. అప్పటినుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ మాత్ర ఏ రాత్రీ తప్పలేదు.

మాత్ర ఊరికే మేలు చేయలేదు. అమ్మ ఒళ్ళు పెరిగింది. నోరెండిపోయేది, చేతులు వణికేవి. ఏళ్ళు గడిచాక నోరు దానంతటదే ఆడడం మొదలైంది. ఆ మందు చాలాకాలం వాడితే కొందరికి అలా అవుతుందని డాక్టరు చెప్పింది. బేకరీలో పిల్లలు అమ్మని అనుకరించి నవ్వేవాళ్ళు. అమ్మ నోటికి అడ్డంగా రుమాలు కట్టుకుని, ఆదివారం చర్చికి తప్ప గడప దాటడం మానేసింది.

ఆ చర్చిలోనే విచిత్రం జరిగింది. నతాలియాకి బాప్తిస్మపు తల్లి జుల్మీరా ఒకరోజు పక్క వరసలో కూర్చుని దియోలింద పెదవులనే చూసింది. పూజ అయిపోయినా అవి ఆగలేదు. బయట మెట్ల మీదా ఆగలేదు. ఆ సాయంత్రానికల్లా జుల్మీరా పేటంతా చాటేసింది: "దియోలింద ఎప్పుడూ జపంలోనే ఉంటుంది! శ్వాస తీసినట్టు మరియమ్మ జపం చేస్తుంది! మనం ఆవిడని ఏమేమో అనుకున్నాం, పాపం!"

పోర్చుగల్ వాళ్ళ అజోరెస్ దీవులనుంచి అమెరికాకి వచ్చిన ఆ పేట ఆడవాళ్ళు జపం చేసే పెదవుల్ని మాత్రమే ఎరుగుదురు. ఇంకే కారణమూ వాళ్ళ ఊహకు రాదు. మరుసటి వారంనుంచి తలుపు కొట్టడం మొదలైంది. ఒకరికి మోకాలు నొప్పి, ఒకరికి కొడుకు డ్రైవింగ్ పరీక్ష, జుల్మీరాకి తప్పిపోయిన పిల్లి. అందరూ ఒకటే కోరేవాళ్ళు: "నా పేరు కూడా ఒక్కసారి తలుచుకో, దియోలిందా." వస్తూ వస్తూ పాయసమో, తీపి రొట్టో తెచ్చేవాళ్ళు. ఎదువీనో ఆ పాయసాలు తింటూ "నా పెళ్ళాం మహిమ" అని నవ్వుకునేవాడు. ఎవరూ నిజం విప్పలేదు.

మొన్నటి చలికాలంలో డాక్టరు కీటింగ్ నోటి కదలికలు తగ్గడానికి ఒక కొత్త క్యాప్సూల్ ఇచ్చింది. పోయిన నెల నతాలియాకి సెలవు దొరక్క, జుల్మీరా తన కారులో అమ్మని తీసుకెళ్ళి చూపించుకొచ్చింది. ఏ జబ్బుకో జుల్మీరాకి చెప్పలేదు, డాక్టరు ఇంగ్లీషు ఆమెకు అర్థం కాదు. ఆ సాయంత్రం డాక్టరు ఫోన్ చేసింది.

"నోరు అలాగే ఆడుతోంది. క్యాప్సూల్ పనిచేసినట్టు లేదు. ఇక పాత మాత్రనే మెల్లగా తగ్గించి ఇంకోదానికి మార్చి చూద్దాం. మీరు దగ్గరుండి కనిపెట్టుకోవాలి. మార్పులో పాత జబ్బు తిరగబెట్టే అవకాశం కొంచెం ఉంది."

ఆ 'కొంచెం' అన్న మాట నతాలియా గుండెలో ముల్లులా దిగింది. కొత్త మందు సంచి ఫ్రిజ్ మీదే ఉంది. ఆదివారం రాత్రి మొదలు. అంటే రేపే.

ఇప్పుడేమో అమ్మ మెలకువగా ఉన్నా నోరు ఆడలేదు. నతాలియాకి ఒక్కటే అర్థం తోచింది. అమ్మ ఎవరికీ చెప్పకుండా పాత మాత్ర మానేసింది.

తిన్నగా పెరట్లోకి వెళ్ళింది.

"నాన్నా, నిజం చెప్పు. అమ్మ మాత్ర వేసుకుంటోందా?"

"వేసుకోకపోతే నేను పడుకుంటానా?" ఎదువీనో పార పక్కన పెట్టాడు. "రోజూ నా కళ్ళముందే మింగుతుంది. మింగి నోరు తెరిచి, నాలుక పైకెత్తి చూపిస్తుంది. ఆసుపత్రినుంచి వచ్చిన రోజు నేర్చిన అలవాటు. మొన్న మా పెళ్ళిరోజున కూడా ముద్దు పెట్టుకునే ముందు నాలుక పైకెత్తింది!"

"నవ్వకు నాన్నా. పొద్దున అమ్మ మెలకువగా ఉన్నప్పుడు నోరు ఆడలేదు."

ఎదువీనో చూపు చటుక్కున మడుల మీదికి మళ్ళింది. "ఆకుకూరకి నీళ్ళు పెట్టాలి," అన్నాడు.

"నాన్నా!"

"నేను తోటవాణ్ణే తల్లీ. నోళ్ళ సంగతి నాకేం తెలుసు?"

డిపోలో ఇలాంటి గొంతు రోజూ వింటుంది నతాలియా. ఆయనకు ఏదో తెలుసు. ఇంట్లోకి వెళ్ళి మాత్రల సీసా చూసింది. లెక్క సరిగ్గానే ఉంది. మాత్రలు పోవలసిన చోటికే పోతున్నాయి. మరి నోరెందుకు ఆగింది?

మధ్యాహ్నం జుల్మీరా దిగింది. ఆమె వెంట కాగితపు పూల బుట్టలు, తెల్లటి లేసు గుడ్డలు. ఈస్టర్ తరువాత ఏడు వారాలూ, పరిశుద్ధాత్మకి గుర్తుగా చర్చివాళ్ళు కొలిచే వెండి కిరీటం చీటీల్లో పేరొచ్చిన ఇళ్ళకి వారానికొక ఇల్లు చొప్పున వెళుతుంది. ఆ వారమంతా ఆ ఇంట సాయంత్రం జపమాల, కింద సూపు, తీపి రొట్టె. ఈసారి ఆఖరి వారం దియోలిందకి పడింది. జపం నడిపించేది కూడా ఆమే.

"కొమాద్రె, ఈ మెట్టు మీద గులాబీలా, లిల్లీలా?" జుల్మీరా ముందుగదిలో పీఠం కడుతూ అరిచింది. ఒకరి బిడ్డకి ఇంకొకరు బాప్తిస్మపు తల్లి కాబట్టి వాళ్ళిద్దరూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు.

"గులాబీలు పెట్టు. లిల్లీలు చూస్తే నాకు శవపేటిక గుర్తొస్తుంది," అంది దియోలింద. పెదవులు జోరుగా ఆడుతున్నాయి.

"చూడు చూడు, పూలు సర్దుతూ కూడా జపమే! మా ఆయన తిండి తింటూ కూడా తిండి మీద ధ్యాస పెట్టలేడు. పిన్నులు కార్లోనే ఉండిపోయాయి, ఇప్పుడే తెస్తా."

జుల్మీరా బయటికి వెళ్ళింది. వంటగది తలుపు సందులోంచి నతాలియా చూస్తోంది.

తలుపు మూసుకుంది. దియోలింద నోరు ఆగింది.

పూర్తిగా ఆగింది. దీపం ఆర్పినట్టు. దవడ కదలలేదు, నాలుక తొంగి చూడలేదు. చాలా ఏళ్ళ తరువాత అమ్మ ముఖం పూర్తిగా అమ్మ ముఖంలా ఉంది. దియోలింద ఒక గులాబీ తీసుకుని దాని వంకర సరిచేస్తూ, హాయిగా, మెల్లగా ఈల కూడా వేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పెదవులు మళ్ళీ బయల్దేరాయి.

క్యాప్సూల్ పనిచేసింది. అంత బాగా పనిచేసింది. అమ్మే నటిస్తోంది!

జుల్మీరా ఇంటికి వెళ్ళేదాకా ఆగి, నతాలియా సెల్లార్‌లోకి దిగింది. ఆ ఇంట్లో అసలు వంటంతా కింద సెల్లార్ వంటగదిలోనే సాగుతుంది. పైది చూసేవాళ్ళకోసం. దియోలింద మోచేతులదాకా పిండిలో పెట్టి తీపి రొట్టెకి కలుపుతోంది. కూతుర్ని చూడగానే పెదవులు ఆడసాగాయి.

"ఆపమ్మా," అంది నతాలియా. "ఇక్కడ జుల్మీరా లేదు."

"ఏం ఆపాలి?"

"నోరు. అది బాగైపోయింది. నేను చూశాను. ఈల కూడా విన్నాను."

దియోలింద నీళ్ళు నమిలింది. "ఒక్కోసారి దానంతటదే ఆగుతుంది..."

"జుల్మీరా గుమ్మం దాటినప్పుడే ఆగుతుందా? తిరిగొస్తే మొదలవుతుందా? డాక్టరు ముందు కూడా ఇలాగే ఆడించావు కదూ? ఎందుకంటే జుల్మీరా పక్కనే కూర్చుంది!"

దియోలింద చేతులు పిండిలోనే ఉన్నాయి. పెదవులు మాత్రం ఆగిపోయాయి.

"అమ్మా, ఇదేం ఆట? రేపు రాత్రినుంచి నీ పాత మాత్ర తగ్గిస్తున్నాం! అది నీ నోటికోసం! ఆడని నోటికోసం! నిన్ను ఇన్నేళ్ళు నిలబెట్టిన మాత్ర అది. నువ్వు నిజంగా ఆ కొత్తది మింగేదానివా?"

దియోలింద పిండిని ఒకసారి మడిచి అదిమింది.

"మింగేదాన్ని," అంది.

నతాలియా అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది.

"ఆ రోజు మంచులో నిన్ను వెతుక్కుంటూ నాన్న, నేను వీధి చివరిదాకా పరుగెత్తాం. నువ్వు నన్ను చూసి 'ఎవరమ్మాయివి?' అనడిగావు. నాకు తొమ్మిదేళ్ళు. అది నాకింకా గుర్తుంది. నాకు ఒకసారి చాలమ్మా. రెండోసారి నిన్ను పోగొట్టుకోలేను. ఎందుకు చేశావు? అది చెప్పు చాలు."

దియోలింద పిండి చేతులతోనే కూతురి తల నిమిరింది. జుట్టంతా తెల్లబడింది. అదే సమయంలో ఎదువీనో మెట్ల మీదినుంచి తొంగి చూశాడు.

"దొరికిపోయావా?" అనడిగాడు భార్యని.

"నీకూ తెలుసా నాన్నా?" నతాలియా లేచి నిలబడింది.

"తెలియకపోతే నలభై అయిదేళ్ళు ఎలా కాపురం చేశాననుకున్నావు? రేపు సాయంత్రంలోగా చెప్పకపోతే నేనే చెప్పేస్తానని బెదిరించాను. ఆ కొత్త మందు సంచిని ముందే దాచేశాను. ఫ్రిజ్ మీద ఉన్నది నా గౌట్ మందు!"

నతాలియాకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ తండ్రి ముఖం చూసి, తల్లి ముఖం చూసి, తన జుట్టులో ఉన్న పిండి తడిమి చూసుకుని, ఎందుకో ఫక్కున నవ్వింది. దియోలింద మాత్రం నవ్వలేదు.

"రేపు," అంది. "కిరీటం ముందు. నేనే చెబుతాను. మీరిద్దరూ నోరు మూసుకోండి."

ఆదివారం మధ్యాహ్నం బ్యాండు మేళంతో కిరీటం వచ్చింది. ట్రంపెట్ల మోతకు వీధిలో కుక్కలన్నీ మొరిగాయి. జుల్మీరా మనవరాలు తెల్ల గౌనులో వెండి కిరీటాన్ని పళ్ళెంలో మోస్తూ, గడప తట్టుకుని పడబోయి, ఎదువీనో పట్టుకోవడంతో నిలదొక్కుకుంది. దియోలింద నోరు ఆ తంతు అంతా ఆడుతూనే ఉంది. నతాలియా కిరీటాన్ని వదిలి ఆ నోటినే చూస్తోంది. అమ్మకి ధైర్యం చాలుతుందా?

సాయంత్రం ముందుగది నిండిపోయింది. కిరీటం గులాబీల మధ్య మెరుస్తోంది. సెల్లార్‌నుంచి పుదీనా వేసిన గొడ్డు మాంసపు సూపు వాసన మెట్లెక్కి వస్తోంది. ఆడవాళ్ళు జపమాలలు తీశారు. మగవాళ్ళు గుమ్మం దగ్గర గుమిగూడి, సూపు ఎప్పుడా అని చూస్తున్నారు. దియోలింద మోకరించవలసిన చోట మోకరించలేదు. కుర్చీని జనం వైపు తిప్పి కూర్చుంది.

"మొదలుపెట్టే ముందు ఒక మాట," అంది. "అందరూ నా నోరు చూడండి."

అందరూ చూశారు. నోరు కదలలేదు.

"అయ్యో కొమాద్రె, ఒంట్లో బాగాలేదా?" జుల్మీరా లేవబోయింది.

"కూర్చో జుల్మీరా. మధ్యలో లేస్తే ఆగిపోతాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేను." దియోలింద జపమాలని పిడికిట్లో బిగించింది. "నేను మిమ్మల్ని మోసం చేశాను. ఇన్నేళ్ళూ మీరు చూసింది జపం కాదు, మాత్ర. నా బుర్ర నిలబెట్టడానికి రోజూ మింగే మాత్ర. అది పనిచేసింది, జీతంగా నా నోరు తీసుకుంది. దాన్ని తిట్టను. అది లేకపోతే ఈ కుర్చీలో నేను లేను. కానీ నా పెదవులు ఆడింది మరియమ్మ కోసం కాదు."

ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"మరి చెప్పలేదేం?" అని ఎవరో గొణిగారు.

"ఎందుకు చెబుతాను? అంతకుముందు నన్ను చూస్తే మీరు రోడ్డు దాటి అవతలివైపు నడిచేవాళ్ళు. తలలు దించకండి, మీ చోట ఉంటే నేనూ దాటేదాన్నే. తరువాత జుల్మీరా పుణ్యమా అని తలుపు కొట్టడం మొదలెట్టారు. పాయసాలు తెచ్చారు. నా వంటగదిలో కూర్చుని మీ ఇంటి గొడవలన్నీ చెప్పారు. నాకు అంతకన్నా ఏం కావాలి? పెదవులు ఎలాగూ ఊరికే ఆడుతున్నాయి, వాటికో పని చెబుదామని మీ పేర్లు పలకడం మొదలెట్టాను. అది మాత్రం అబద్ధం కాదు. ఒక్కొక్కరి పేరు, ఒక్కొక్కరి మోకాలు."

"అయితే నా పిల్లి?" జుల్మీరా ఇక ఉండబట్టలేకపోయింది. "నా పిల్లి నీ జపం వల్లే వచ్చింది కదా!"

"ఆకలేసి వచ్చింది కొమాద్రె."

గుమ్మం దగ్గర మగవాళ్ళు ముందు నవ్వారు. తరువాత ఆడవాళ్ళు. చివరికి జుల్మీరా కూడా, కళ్ళు తుడుచుకుంటూ, "నేను ఆ పిల్లికోసం నీకు రెండు గిన్నెల పాయసం తెచ్చాను!" అని గింజుకుంది.

"ఆ పాయసం మా ఆయన తిన్నాడు, ఆయన్ని అడుగు," అంది దియోలింద. అప్పుడు ఆమె చూపు గోడకానుకుని నిలబడ్డ కూతురి మీద ఆగింది.

"చలికాలంలో కొత్త క్యాప్సూల్ ఇచ్చారు. ఒకరోజు పొద్దున కాఫీ తాగితే గౌను మీద చుక్క కూడా పడలేదు. చెంచాలో నా ముఖం చూసుకున్నాను. నోరు నా మాట వింటోంది. ఏడ్చేశాను. అప్పుడే తలుపు చప్పుడైంది, వచ్చింది జుల్మీరా. తలుపు తీసేలోపు నోరు ఆడించేశాను. తెలిసే చేశాను. జపం ఆగిపోయిందంటే మీరు రావడం ఆగిపోతుందని భయపడ్డాను. డాక్టరు దగ్గరా అదే చేశాను. నతాలియా, నిన్న అడిగావు, ఆ కొత్త మాత్ర నిజంగా మింగేదానివా అని. మింగేదాన్ని. మళ్ళీ పిచ్చిదాన్నైనా సరే, మళ్ళీ ఒంటరిదాన్ని కాకూడదనుకున్నాను. నువ్వు మంచులో పరుగెత్తిన సంగతి మరిచిపోయాను. తప్పు నాదే. రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, నోరు తెరిచి చూపిస్తాను, మూసి కూడా చూపిస్తాను."

నతాలియా జనాన్ని తోసుకుంటూ వచ్చి తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. జుల్మీరా తన కుర్చీని బరబరా లాక్కొచ్చి దియోలింద పక్కనే వేసుకుంది. ఒక్కరు కూడా గుమ్మం వైపు కదలలేదు. దియోలింద అందరినీ ఒకసారి కలయజూసి, గొంతు సవరించుకుంది.

"అదీ నా నేరం. వెళ్ళేవాళ్ళు వెళ్ళచ్చు, కింద సూపు తాగి మరీ వెళ్ళండి. ఉండేవాళ్ళు మోకరించండి. ఇన్నేళ్ళూ నా పెదవులు నన్నడగకుండా కదిలాయి, ఈ మధ్య మిమ్మల్ని మోసగించడానికి కదిలాయి. ఇప్పుడు నేను కావాలని, మీ కోసం కదపబోతున్నాను. చెప్పండి, ఎవరి పేరుతో మొదలుపెట్టమంటారు?"